పంది మూతి పక్కన చిన్న చెయ్యి

బొంటోలామె
12 ఫిబ్రవరి 1983

చెల్లెలు బెచ్చెకు అన్న మక్కులావు సలాములు.

నువ్వూ, దావూదూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ వదిన హజారా, పిల్లలు ముగ్గురూ, ఇంటికింద పదకొండు కోళ్ళూ క్షేమం. పన్నెండోదాన్ని కొండచిలువ మింగింది. దాని క్షేమం దానికే తెలియాలి.

ఇక అసలు కబురు. నీ అన్న ఇప్పుడు సర్కారు మనిషి. నవ్వకు. ఖాకీ చొక్కా ఇచ్చారు, జేబుమీద బొద్దింకంత బిళ్ళ ఉంది. వెదురుగుహకు నేనే కావలి.

కిందటి ఎండాకాలం పట్నం నుంచి వినార్నో గారని జావా మనిషి వచ్చాడు. పాతకాలం బొమ్మలున్న గుహలేవైనా ఉన్నాయా అని ఇంటింటికీ తిరిగాడు. మనవాళ్ళు ఎవరు చెబుతారు? పన్ను కోసం వచ్చాడనుకుని తలుపులేసుకున్నారు. నాకే జాలేసి వెదురుగుహకు తీసుకెళ్ళాను. తిరుగుబాటు గుంపుల కాలంలో ఊరు తగలబడినప్పుడు అమ్మా, నువ్వూ, తమ్ముడు తాహాంగూ తలదాచుకున్నది ఆ గుహలోనే కదా. నేనప్పుడు నాన్నతో చేపల చెరువుల దగ్గర ఉండిపోయాను. అందుకే లోపలి గది ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. దీపం పట్టుకుని వెళ్ళేసరికి గోడమీద ఎర్రటి అడవిపంది, పరిగెడుతున్నట్టు. దాని చుట్టూ చేతులు. చెయ్యి ఉన్నచోట రాయి తెల్లగా, చుట్టూ ఎరుపు చిమ్మినట్టు. పంది మూతి పక్కన మాత్రం ఒక చిన్న చెయ్యి, పసివాడిది.

వినార్నో గారు ఆ చిన్న చెయ్యి చూసి దీపం నాకిచ్చేసి ముఖం గోడకు దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు: "మక్కులావు గారూ, ఇది మీ భుజం ఎత్తున ఉంది. పిల్లాడికి ఇంత ఎత్తు అందదు. వేల ఏళ్ళ కిందట ఎవరో వాణ్ణి ఎత్తుకుని, చెయ్యి గోడకు ఆనించి పట్టుకున్నారు." పండితులు అంతంత చదువు చదివి ఇలాంటి మాటలంటారని నాకు తెలీదు.

పేపర్లో వేశారు. ముక్క పంపుతున్నాను. ఆ చేతిని వేలుపెట్టి చూపిస్తున్నది నేనే. పొట్ట కనిపించకుండా ఊపిరి బిగబట్టాను. మీ వదిన అయినా కనిపిస్తోందంటోంది.

దావూద్ పనిచేసే కోకో తోటలో అందరికీ చూపించు.

నీ అన్న
మక్కులావు


తావావు
20 మార్చి 1983

అన్నయ్యకు బెచ్చె సలాములు.

పేపరు ముక్క ఓడలో వచ్చిన మన ఊరి హాజీ గారి సామాన్లతోపాటు అందింది. మా చిన్నది రోస్నా నీ ఫొటో చూసి, "మావయ్య దొంగను పట్టుకున్నాడా?" అంది. "లేదమ్మా, చేతిని పట్టుకున్నాడు" అన్నాను. పొట్ట కనిపించడంలేదు, వదినకు చెప్పు.

పిల్లలు చదవకుండా అమ్మ నేర్పిన పాత లిపిలో రాస్తున్నాను. నా అక్షరాలు కోడి గీరినట్టున్నా కాస్త ఓపికపట్టు.

అన్నయ్యా, ఆ చిన్న చెయ్యి పాతది కాదు. అది నేను చేసింది.

గుహలో ఉన్నప్పుడు ఆడుకుంటూ చేశాను. ఎర్రమట్టి నమిలి, నీళ్ళు పుక్కిటపట్టి, చేతిచుట్టూ ఊదితే అలాగే పడుతుంది. పెద్ద విద్యేం కాదు. అంతకుమించి నన్నడక్కు. పంది బొమ్మ దగ్గర చిన్న చెయ్యి అంటే అదే.  ఫొటో చూసిన రోజు వంటలో రెండుసార్లు ఉప్పు వేశాను. దావూద్ నోరు మూసుకుని తిన్నాడు, మంచివాడు.

ఆ పెద్దమనిషితో మెల్లగా చెప్పెయ్యి. ఆయన పుస్తకాల్లో రాసేసి తర్వాత నవ్వులపాలైతే ఆ పాపం మనకెందుకు? నా పేరు మాత్రం చెప్పకు. ఊళ్ళో పిల్లలెవరో చేశారని చెప్పు.

పాపం వదిన కోడి.

బెచ్చె


బొంటోలామె
22 ఏప్రిల్ 1983

బెచ్చెకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, వేళాకోళం అనుకుని. మూడోసారికి లేచి తలుపు వేశాను.

ఇరవయ్యారేళ్ళు నోరు మెదపనిదానివి, అన్న జేబుకు ఒక బిళ్ళ రాగానే నీకు గుర్తొచ్చిందా? కోపం తెచ్చుకోకు, నాకు అలాగే అనిపించింది. చిన్నప్పుడూ అంతే. నేను గాలిపటం ఎగరేస్తే, ఆ దారం వడికింది నేనేనని వీధంతా చెప్పేదానివి. వడికింది నువ్వే, ఒప్పుకుంటాను. కానీ ఇది గాలిపటం కాదు.

మెల్లగా చెప్పెయ్యమన్నావు. ఎంత మెల్లగా చెప్పాలి? ఉపవాసాల పండుగ వెళ్ళాక విదేశాల పండితులు వస్తున్నారు. ఏవో పరికరాలు తెస్తారట, రంగు ఏ కాలానిదో చెప్పేస్తాయట. వాళ్ళముందు అది పోయినేటి బొమ్మ అని తేలితే ఏమంటారు? కొలువు కోసం కావలివాడే చేశాడంటారు. పేపర్లో ఈసారి కూడా నా ఫొటోయే వేస్తారు. వినార్నో గారు నన్ను "గారూ" అని పిలుస్తాడు బెచ్చే. ఈ ఊళ్ళో నన్ను గారూ అని పిలిచిన మొదటి మనిషి.

హజారాకు కూడా చెప్పలేదు. నిన్న బడిపిల్లలు వచ్చారు. ఆ చేతి సంగతి ఎత్తకుండా పంది బొమ్మ ఒక్కటే చూపించి పంపేశాను.

నువ్వేం కంగారుపడకు. నీ పిచ్చిపని సంగతి నేను చూసుకుంటాను. ఎవరికీ చెప్పకు, దావూద్‌కు కూడా.

మక్కులావు


తావావు
28 మే 1983

అన్నయ్యా,

వాటా అడిగానన్నట్టు రాశావు. రెండు వారాలు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. కానీ "చూసుకుంటాను" అన్నావే, ఆ మాట నిద్రపట్టనివ్వడంలేదు. అందుకే అంతా రాస్తున్నాను. చదివి ఏమైనా అను.

అది నా చెయ్యి కాదు. తాహాంగ్‌ది.

ఆ యేడు వానలు ఎలా కురిశాయో నీకు తెలుసు. అడవివైపు నుంచి గుంపులు, రోడ్డువైపు నుంచి సైనికులు. గుహ ముందుభాగంలో తొమ్మిది కుటుంబాలం. బియ్యం అయిపోయాక అడవి దుంపలే గతి. వాటిని ముక్కలు కోసి మూడు రోజులు పారే నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే విషం. అమ్మ నన్ను పిలిచి ఒక్కటే మాట చెప్పింది: "తమ్ముణ్ణి కనిపెట్టుకో. లోపలి గదివైపు పోవద్దు, నీళ్ళున్నాయి."

పోయాను. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి నాలుగు. వాడు ఊరికే ఏడుస్తున్నాడు. ఏడుపు వినబడితే సైనికులొస్తారని పెద్దవాళ్ళు కళ్ళెర్రజేస్తున్నారు. లోపల బొమ్మలున్నాయి చూపిస్తానని ఆశపెట్టాను. లోపలికి వెళ్ళే దారిలో నడుముదాకా నీళ్ళు, వాడికైతే మెడదాకా. వీపుమీద ఎక్కించుకున్నాను, జారిపోయాడు, మునిగాడు, లేచి నవ్వాడు. వాడు నవ్వితే నాకు ధైర్యం వచ్చింది. ఆ చేతుల్ని చూసి "నాదీ పెట్టు, అక్కా" అన్నాడు. మట్టి నమిలాను. వాడు మునివేళ్ళమీద నిలబడి చెయ్యి చాపాడు. మణికట్టు పట్టుకుని ఊదాను. చక్కిలిగింత అని కదిలాడు, అందుకే వాడి బొటనవేలు రెండుగా పడింది. నాలుగైదుసార్లు ఊదాను. తడిబట్టలతో అంతసేపూ ఉన్నాడన్నయ్యా. నాకు గుర్తే లేదు, వాడికి చలేస్తుందని.

ఆ సాయంత్రానికి జ్వరం. నాలుగోనాడు పోయాడు. అదే రోజు గుహ వదిలి పారిపోవాల్సివచ్చింది. వాణ్ణి దారిలో ఎక్కడో పూడ్చారు. ఎక్కడో అమ్మకు కూడా తర్వాత దొరకలేదు.

ఇప్పుడు అసలుది. ఆ వారం సైనికులు దగ్గరికొచ్చారని అమ్మ దుంపల్ని రెండోరోజే వాగులోంచి తీసేసింది. తాహాంగ్ ఆ దుంపవల్లే పోయాడని, తనే తొందరపడి చంపుకున్నానని నమ్మింది. మళ్ళీ జన్మలో దుంప ముట్టలేదు, నీకూ తెలుసు. నువ్వు అలవాటనుకున్నావు. చనిపోయే ముందు రోజు నన్నడిగింది: "అక్కడ వాడు నన్నడుగుతాడంటావా బెచ్చే, ఎందుకు తొందరపడ్డావమ్మా అని?" అమ్మ మూతి తుడిచాను. నీళ్ళు పట్టాను. తమ్ముణ్ణి నీళ్ళలోకి తీసుకెళ్ళింది నేనని చెప్పలేదు.

ఒక్క మాట చెప్పుంటే అమ్మ హాయిగా పోయేది. నోరు రాలేదు.

వాడికి ఫొటో లేదు, సమాధి లేదు. ఆ చెయ్యొక్కటే. కొత్తదని పండితులకు చెప్పు, నా పేరు చెప్పు, ఊళ్ళో చాటింపు వెయ్యి. దాన్ని మాత్రం ముట్టుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

బెచ్చె


బొంటోలామె
1 జూన్ 1983

చెల్లెమ్మకు మక్కులావు దీవెనలు.

నీ జవాబు ఇంకా రాలేదు. అలిగావని అర్థమైంది. కిందటి ఉత్తరం కోపంమీద రాశాను, మనసులో పెట్టుకోకు.

గండం గడిచింది. మొన్న శుక్రవారం నమాజుకు అందరూ మసీదులో ఉండగా నేను గుహకు వెళ్ళి పని ముగించాను. నువ్వు ఏ మట్టి నమిలావో గానీ గట్టిపిండమే! తడిగుడ్డకు లొంగలేదు. సున్నం రాసి, కొబ్బరి పీచు పెట్టి రుద్దితే అప్పుడు రాతి పొరతోపాటు పెచ్చులుగా ఊడింది. పంది మూతికి దెబ్బ తగలకుండా జాగ్రత్తపడ్డాను. ఎవరైనా అడిగితే వాననీరు దిగి పోయిందంటాను. ఈ కొండల్లో అది మామూలే.

చేస్తున్నంతసేపూ గుహ వాకిలివైపే చూస్తూ ఉన్నాను. నమాజు ఎగ్గొట్టి చేసిన పని కదా, అందుకే అనుకున్నాను. ఇంటికొచ్చి స్నానం చేసినా గోళ్ళసందుల్లో ఎరుపు పోలేదు. హజారా చూసి "ఇటుకలు మోశావా?" అంది. అవునన్నాను.

ఇక నువ్వూ మరిచిపో, నేనూ మరిచిపోతాను. చిన్నపిల్లవి, తెలియక చేశావు. అన్న కడిగేశాడు. ఉపవాసాలు మొదలవబోతున్నాయి, మనసులో ఏమీ పెట్టుకోకుండా మొదలుపెడదాం.

నీ అన్న
మక్కులావు


తావావు
24 జూన్ 1983

అన్నయ్యా,

ఒకటో తారీకు ఉత్తరం అందింది. ఈపాటికి నాదీ నీకు అంది ఉంటుంది.

నిన్ను ఏమీ అనను. నీకు అబద్ధం రాసింది నేను. మొదటే తాహాంగ్‌ది అని రాసి ఉంటే నీ చెయ్యి లేచేదికాదు. ఒకసారి నీళ్ళలో, ఒకసారి కాగితంమీద, రెండుసార్లూ వాణ్ణి పోగొట్టింది నేనే.

ఇంకా రాయలేను.

బెచ్చె


బొంటోలామె
27 జూన్ 1983

బెచ్చే, బెచ్చే,

తాహాంగ్ ఉన్నాడు! నువ్వు ముందు ఈ మాట చదవాలని ఇదే ముందు రాస్తున్నాను. ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నం నీ పెద్ద ఉత్తరం అందింది. ఉపవాసంలో ఉన్నాను. నిలబడే చివరిదాకా చదివాను. హజారా ఏమైందని అడుగుతున్నా వినకుండా గుహవైపు పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో తెలీదు. తుడిచేసినదాన్ని చూసి ఏం చేస్తాను? ఊరికే ఆ గోడముందు కూలబడి ఏడ్చాను. తమ్ముడి చేతిని నా చేత్తో గీకేశానని తల రాతికేసి కొట్టుకున్నాను.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. మునివేళ్ళమీద నిలబడ్డాడన్నావు. నాలుగేళ్ళవాడు మునివేళ్ళమీద నిలబడితే మాత్రం ఎంత ఎత్తు? నేను తుడిచింది నా భుజం ఎత్తుది. దీపం కిందికి దించి వెతికాను. పంది బొమ్మకు కిందుగా, గోడ లోపలికి మలుపు తిరిగేచోట, పైకప్పునుంచి దిగిన రాతిస్తంభం వెనక ఉంది. నా నడుము ఎత్తున. నీళ్ళు దిగని పొడి మూల. నువ్వు రాసినట్టే బొటనవేలు రెండుగా పడింది. మట్టిరంగు పాలిపోయింది, అంతే. నేను ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలాను.

నవ్వొచ్చింది బెచ్చే. గుహంతా మోగేలా నవ్వాను. మన తమ్ముడు అక్కడ కూడా స్తంభం వెనక దాక్కున్నాడు. "ఒరేయ్ తాహాంగ్!" అని పిలిచాను కూడా. దగ్గరలేని అన్నను, నేను వాణ్ణి చివరిసారి చూసినప్పుడు వాడికి మాటలు సరిగ్గా రావు.

చాలాసేపటికి లేచి బయల్దేరాను. వచ్చేటప్పుడు పంది మూతి పక్కన ఆ గీకిన చోటు దీపం వెలుగులో పడింది. తెల్లగా, పుండులా.

తడిగుడ్డకు ఎందుకు లొంగలేదో ఇప్పుడు తెలిసింది. రాయితోపాటు ఎందుకు ఊడిందో తెలిసింది. తెలిసింది అంటున్నాను గానీ, పీచు పట్టుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. పిల్లలు నమిలిన మట్టి ఇలా పట్టుకోదు అని ఒక్క క్షణం అనిపించింది. భయం ఆ క్షణాన్ని నిలవనివ్వలేదు.

మరి నేను తుడిచింది ఎవరిని?

మక్కులావు


తావావు
25 జూలై 1983

అన్నయ్యకు,

నీ ఉత్తరం పండుగ వెళ్ళిన వారానికి వచ్చింది. "ఉన్నాడు" అన్న మాట చదివి ఉన్నచోటే సాష్టాంగపడ్డాను. రోస్నా భయపడి వాళ్ళ నాన్నను పిలుచుకొచ్చింది. ఆ రోజంతా గాల్లో తేలినట్టున్నాను. కొబ్బరిపాల అన్నం పొట్లాలు మళ్ళీ చేసి ఇరుగుపొరుగుకు పంచిపెట్టాను, ఎందుకో చెప్పకుండా.

మర్నాడు నీ చివరి మాట మళ్ళీ చదివాను. ఆ తర్వాత ముద్ద దిగలేదు.

అన్నయ్యా, మనం ఎంత సంతోషించాం! మనవాడిది కాదని తెలిసి ఎంత సంతోషించాం! మరి వాడూ ఎవరి తమ్ముడో, ఎవరి కొడుకో. నేను తాహాంగ్‌ను నేలమీద నిలబెట్టాను. ఆ పిల్లాణ్ణి ఎవరో ఎత్తుకున్నారు. మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. చంకలో పిల్లాడు ఎంత బరువుంటాడో నాకు తెలుసు, ముగ్గుర్ని ఎత్తాను. ఒక చేత్తో వాణ్ణి మోస్తూ, ఇంకో చేత్తో వాడి చెయ్యి గోడకు నొక్కి, నోట్లో రంగు పట్టుకుని. వాడూ కదిలే ఉంటాడు. కదలకు అని కళ్ళతోనే చెప్పి ఉంటుంది ఆ తల్లి, నోరు ఖాళీలేదు కదా.

దాన్ని నీ చేత తుడిపించింది నా సగం మాట. ఆ పెద్దమనిషి చెప్పిందే నిజం. మనకు తెలుసనుకున్నదే తప్పు.

వాననీరు అని చెప్పకు. అమ్మ విషయంలో నేను నోరు మూసుకున్నాను. ఏమైందో చూశావుగా. అమ్మ లేనిపోని బరువు మోసుకుంటూ పోయింది. నువ్వు నోరు మూసుకుంటే ఆయన జీవితాంతం ఆ గోడలో లేని నీటిబొట్టు కోసం వెతుకుతాడు. చెప్పెయ్యి. కొలువు పోతుంది. పోనీ. నాకు చెప్పడం తేలికే, ఇక్కడ కూర్చుని, తెలుసు. అయినా చెబుతున్నాను. తాహాంగ్ సంగతి కూడా చెప్పు. కొత్త బొమ్మ అని దాన్ని చెరిపేస్తే చెరిపేయనీ. ఈ మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

బెచ్చె


బొంటోలామె
2 సెప్టెంబర్ 1983

చెల్లెమ్మా,

చెప్పేశాను.

నీ ఉత్తరం రాకముందే చెప్పి ఉంటే మగాణ్ణి అయ్యేవాణ్ణి. వచ్చాక కూడా వారం తాత్సారం చేశాను. విదేశీయుల ఓడ ఆలస్యమైందని తెలిసి నాలుగు రోజులు హాయిగా నిద్రపోయాను, అంత పిరికివాణ్ణి. వాళ్ళు రావడానికి మూడు రోజుల ముందు వినార్నో గారు ఒక్కడే వచ్చాడు. గుహలోకి వెళ్ళాం. దీపం పైకెత్తి చూసి,

"ఇక్కడ చెయ్యి ఉండాలే" అన్నాడు.

"ఉండేదయ్యా."

"నీళ్ళు దిగాయా?"

చూశావా, ఆయనే అందించాడు. ఊ అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదయ్యా. నేనే తుడిచాను."

"తుడిచారా? అంటే దుమ్మా?"

"చేతినే. సున్నంతో, కొబ్బరి పీచుతో."

ఆయన నవ్వాడు, నేను హాస్యమాడానని. నేను నవ్వకపోయేసరికి దీపం కిందపెట్టి అక్కడే కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా "ఎందుకు?" అన్నాడు. దుంపల దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. నీ మొదటి ఉత్తరం, నా భయం, అమ్మ అడిగిన మాట. తాహాంగ్‌ను చూపించాను. మోకాళ్ళమీద వంగి చూశాడు.

"మామూలుగా గోడమీద కొత్త రాతలు కనిపిస్తే చెరిపేయాలి" అన్నాడు.

 వద్దని అడిగే మొహం నాకేది?

"చెరపను. ఎవరు, ఎప్పుడు, ఎలా చేశారో తెలిసిన చెయ్యి ఈ కొండలన్నిటిలో ఇదొక్కటే. మీ చెల్లెలికి రాయండి, ఏ మట్టి, ఎన్నిసార్లు ఊదింది, ఎంత దూరంనుంచి, అన్నీ రాసి పంపమనండి. మీ తమ్ముడి పేరేమిటి?"

చెప్పాను. పేరు, వయసు, పోయిన సంవత్సరం రాసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చి "మమ్మల్ని క్షమించారా అయ్యా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన గొంతు మారిపోయింది.

"క్షమించడానికి నేనెవర్ని? ఆ పిల్లాడు నాకేమీ కాడు. మీకూ ఏమీ కాడు. అదే కదా వాడికొచ్చిన కష్టం."

తర్వాత గీకిన చోటు కొలిచి, పుస్తకంలో రాసి, నాకు చదివి వినిపించాడు. "ఇక్కడ ఒక పిల్లాడి చెయ్యి ఉండేది. పెద్దవాళ్ళెవరో ఎత్తుకుని పట్టుకున్నారు. 1983 మే నెలలో కావలివాడు మక్కులావు దీన్ని తుడిచేశాడు. కారణం, భయం." "కారణం సరిగ్గా రాశానా?" అని అడిగాడు. సరిగ్గానే రాశారన్నాను. "పేరు తీసెయ్యమంటారా?" అన్నాడు. ఉంచమన్నాను.

కొలువు పోయింది. హజారాకు అప్పుడే అంతా తెలిసింది.  మర్నాడు ఖాకీ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, బిళ్ళ తోమి నా చేతికిచ్చింది. "పరువుగా వచ్చినదాన్ని పరువుగానే పంపు. నీ పరువు సంగతి తర్వాత చూద్దాం" అంది. నేను మళ్ళీ చేపల చెరువుల పనిలో చేరాను. ఊళ్ళో నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. కొత్త కావలివాడు నన్ను చూస్తే చాలు, పీచు తెచ్చావా మావా అంటాడు. అనాల్సిందే.

ఇంకొకటి. శుక్రవారం అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి నీ పెద్ద ఉత్తరం గట్టిగా చదివాను. దుంపల దగ్గర ఆగి, ఆ మాటలు రెండోసారి చదివి, చివరిదాకా వెళ్ళాను. ఆ యేడు గుహలో ఆరుగురు పిల్లలు జ్వరంతో పోయారట, హజారా వాళ్ళమ్మ చెప్పింది. దుంపో, నీళ్ళో, గాలో ఎవరికి తెలుసు? అది నీకు చెబుతున్నాను. కానీ అమ్మ ఉండగానే ఆమెకు చెప్పాల్సింది చెల్లీ. అది మాత్రం నేను తుడవలేను.

మక్కులావు


తావావు
10 అక్టోబర్ 1983

అన్నయ్యకు బెచ్చె సలాములు.

వినార్నో గారు అడిగినవన్నీ వేరే కాగితంమీద రాశాను, అందజెయ్యి. మట్టి గుహ బయట వాగు గట్టుది. ఐదుసార్లు ఊదాను. మూడోసారి మింగేశాను, అది కూడా రాశాను.

దావూద్‌కు చెప్పాను. పదహారేళ్ళ కాపురంలో నాకో తమ్ముడుండేవాడని అతనికి తెలీదు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఉంటే ఇప్పుడెన్నేళ్ళు?" అన్నాడు. ముప్ఫై అన్నాను. "మన పెళ్ళికి వచ్చేవాడు" అన్నాడు. అప్పుడేడ్చాను, ఇరవయ్యారేళ్ళకు.

కోకో కోతలు అయిపోగానే వస్తున్నాను. రోస్నాను కూడా తీసుకొస్తాను. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వయసులో ఎంత చిన్నగా ఉంటారో ఈమధ్యే చూస్తున్నాను. అమ్మతో చెప్పాల్సింది నేనే చెప్పుకుంటాను, నువ్వు చదివావుగా అని ఊరుకోను.

గుహకు తీసుకెళ్తావు కదా. నన్ను నేరుగా తాహాంగ్ దగ్గరికి తీసుకెళ్ళకు. ముందు నువ్వు గీకిన ఆ చోటికి తీసుకెళ్ళు. అక్కడ కాసేపు నిలబడనివ్వు. తాహాంగ్‌కు మనిద్దరం ఉన్నాం. ఆ పిల్లాడి కోసం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

నీ చెల్లెలు
బెచ్చె